కన్నీళ్ళకూ వయోపరిమితి

అమెరికాలో సీబీఎస్ చానెల్ 2011 నుంచి 2016 దాకా 'పర్సన్ ఆఫ్ ఇంటరెస్ట్' అనే సీరియల్‌ని 103 ఎపిసోడ్లు నడిపింది. హెరాల్డ్ ఫించ్ అనే కంప్యూటర్ మేధావి ప్రభుత్వం కోసం ఒక మెషీన్ తయారుచేస్తాడు. అది ప్రతి కెమెరాలోంచీ చూస్తుంది, ప్రతి ఫోనూ వింటుంది, ఎవరి ప్రాణానికి ముప్పుందో ముందే పసిగడుతుంది. ఇలాంటిది ఊళ్ళో తిరుగుతోందని తెలిస్తే ఎవరైనా తలుపులేసుకుంటారు. అభిమానులు హారతి పట్టారు.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోట్లాది ఫోన్ కాల్స్ వివరాలు నిజంగానే పోగేస్తోందని బయటపెట్టాడు. అభిమానుల్లో భయం కన్నా గర్వమే ఎక్కువ పొంగింది: "మా సీరియల్ ఎప్పుడో చెప్పింది!" ఇల్లు తగలబడుతుంటే జాతకం నిజమైందని మురిసిపోయే బాపతు.

వాళ్ళకు అసలైన ధర్మాగ్రహం కలిగింది 2015 జనవరి 6 రాత్రి. నాలుగో సీజన్ 11వ ఎపిసోడ్, పేరు 'ఇఫ్-దెన్-ఎల్స్'. సమారిటన్ అనే శత్రు యంత్రం స్టాక్ మార్కెట్‌ని కూలదోస్తుంటే, ఆపడానికెళ్ళిన ఫించ్ బృందం న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ నేలమాళిగలో ఇరుక్కుంటుంది. ఏ దారిన వెళితే ఎవరు బతుకుతారో మెషీన్ సెకన్ల వ్యవధిలో ఊహించి చూస్తుంది. ఒక ఊహలో ఫించ్ పోతాడు, ఇంకోదాంట్లో అతని సహచరుడు రీస్ పోతాడు. చివరికి టైము చాలక మాటల్ని కూడా కుదించేస్తుంది. పాత్రలు డైలాగు చెప్పడం మానేసి, అది ఏ రకం డైలాగో చెప్పుకుంటాయి.

ఊహలయ్యాక అసలు ఘట్టం. లిఫ్టు కదలాలంటే బయట ఒకరు మీట నొక్కాలి. బృందంలోని సమీన్ షా తన నేస్తం రూట్‌ని ముద్దుపెట్టుకుని, బయటికెళ్ళి మీట నొక్కి, తూటాలు తిని పడిపోతుంది. తలుపులు మూసుకున్నాక మరో తుపాకీ మోత.

అభిమానుల స్పందన కూడా మెషీన్ పద్ధతిలోనే కుదించి చెప్పుకోవచ్చు. మొదటి గంట: నమ్మలేకపోవుటను తెలుపు కేక. రెండో గంట: రచయితల వంశ చరిత్ర సమీక్ష. తెల్లవారుజామున: శవాన్ని చూపించలేదు గనక ఆశ. మధ్యాహ్నం: ఆశపడినవారిపై అనుభవజ్ఞుల జాలి. సాయంత్రం: టీవీ చరిత్రలో ఇంత గొప్ప ఎపిసోడ్ లేదని తీర్మానం, ఇకపై ఈ సీరియల్ చూసేది లేదని శపథం, వచ్చే మంగళవారానికి అలారం.

శవాన్ని చూపించని చావు చావే కాదని మన ఇళ్ళలో ఏ అమ్మమ్మైనా చెబుతుంది. 'కార్తీకదీపం' సీరియల్లో డాక్టర్ బాబూ వంటలక్కా పోయినప్పుడు ఆవిడ కంగారుపడలేదు. వాళ్ళూ ఆవిడ నమ్మకాన్ని వమ్ము చెయ్యకుండా తిరిగొచ్చారు.

ఇంతకీ ఆ మెషీన్ లెక్కల్లో ఎక్కడా కనబడని కారణం ఒకటుంది. షా వేషం వేసిన సారా షాహీ అప్పుడు కవలలతో గర్భవతి. అభిమానులు వీరమరణమనుకుని ఏడ్చింది ప్రసూతి సెలవుకి.

2016 మే 10న షా తిరిగొచ్చింది. శత్రువుల చెరలోంచి తప్పించుకుని రూట్‌ని చేరుకుంది. పండగ చేసుకుంటుండగానే తేలింది: అదంతా సమారిటన్ ఆమె బుర్రలో నడిపిన ఉత్తుత్తి కథ, వరసలో 6,741వది. ఎపిసోడ్ పేరే '6,741'. మోసం, దగా అని గగ్గోలు. మొన్నటి 'ఇఫ్-దెన్-ఎల్స్'లో మాత్రం సింహభాగం ఉత్తుత్తి కథలు కావా? అవి మన మెషీన్ అల్లినవి, అందుకని కళాఖండం. ఇవి అవతలి మెషీన్ అల్లినవి, అందుకని చిత్రహింస. రెండు యంత్రాలూ చూసేది అవే కెమెరాల్లోంచి, వినేది అవే ఫోన్లలోంచి. ఫోన్ ట్యాపింగ్ మీద మన రెండు రాష్ట్రాల్లో జరిగే చర్చలు విన్నవాళ్ళకి ఈ న్యాయం కొత్త కాదు. మన పార్టీ వింటే శాంతిభద్రతలు, అవతలి పార్టీ వింటే ప్రజాస్వామ్యం ఖూనీ.

'ఇఫ్-దెన్-ఎల్స్'లోనే ఫించ్ మెషీన్‌కి చదరంగం నేర్పుతూ, మనుషుల్ని పావుల్లా చూడకూడదని హితవు చెబుతాడు. అభిమానులు కళ్ళొత్తుకున్నారు. సీబీఎస్ వారు ఆ పాఠం నాడు బడి ఎగ్గొట్టినట్టున్నారు. చివరి సీజన్‌ని 13 ఎపిసోడ్లకు కోసి, చాలావరకు వారానికి రెండేసి చొప్పున ప్రసారం చేసి చేతులు దులుపుకున్నారు. సీరియల్ తీసింది వార్నర్ బ్రదర్స్, కాబట్టి చానెల్‌కి మిగిలేది తక్కువ. పైగా అప్పట్లో ప్రకటనలిచ్చేవాళ్ళు ముఖ్యంగా లెక్కపెట్టింది 18 నుంచి 49 ఏళ్ళ ప్రేక్షకుల్ని.

కథలో, మెషీన్ ముప్పుందని చెప్పినవాళ్ళలో ప్రభుత్వానికి పనికిరానివాళ్ళ జాబితాని రోజూ అర్ధరాత్రి చెరిపేస్తారు. ఆ అన్యాయానికి అయిదేళ్ళపాటు పళ్ళు నూరిన యాభయ్యేళ్ళ అభిమానికి, చానెల్ దగ్గరున్న అలాంటి జాబితాలో తన పేరుందని తోచనేలేదు. షా కోసం ఆయన బకెట్ నిండా ఏడ్చినా, సబ్బుల కంపెనీ వాడు అందులో ఒక్క చుక్క కూడా లెక్కలో రాసుకోడు.