బ్రౌజరావు

ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. పేరు ఏదైనా కావచ్చు, మనం బ్రౌజరావు అనుకుందాం. గృహప్రవేశానికి వచ్చి గోడలు చూడడు, వాస్తు అడగడు. మూలగదిలో ఎవరో తెరిచి పెట్టిన లాప్‌టాప్ దగ్గర ఆగిపోతాడు. "బాబాయ్, మీరింకా క్రోమే వాడుతున్నారా?" అంటాడు. ఆ 'ఇంకా'లో ఉన్న జాలికి, బాబాయి పాపం ఏదో తప్పు చేసినవాడిలా ముఖం పెడతాడు. "తిరుమల టికెట్లకే కదరా అబ్బాయ్, ఏదైతేనేం?" అనేలోపే రావు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. పంక్తి లేచేలోపు తెర మీద మూడు కొత్త బొమ్మలు వెలుస్తాయి. నారింజ రంగు సింహం బొమ్మది ప్రకటనలు ఆపుతుందట, ఎర్రదానిలో ట్యాబులను దొంతర పెట్టుకోవచ్చట, మూడోది ఎందుకో రావుకీ పూర్తిగా తెలియదు కానీ అతను రాసుకున్న పట్టికలో దానికి మంచి మార్కులున్నాయి. మర్నాడు బాబాయికి మిగిలేది ఒక్కటే ప్రశ్న: నా పాస్‌వర్డులు ఏ బొమ్మలో ఉన్నాయిరా?

బ్రౌజరావు ప్రాణమంతా ఆ పట్టికలోనే ఉంటుంది. వేగం, భద్రత, ప్రమాణాలు అని గడులు గీసి ప్రతి బ్రౌజర్‌కూ మార్కులు వేస్తాడు. మార్కుల మీద అతని భక్తి ఈనాటిది కాదు. 2008లో యాసిడ్3 అనే పరీక్ష వచ్చింది. వెబ్ ప్రమాణాలను బ్రౌజర్ ఎంతవరకు పాటిస్తుందో చూసి, రంగురంగుల గడులు పేర్చి, వందకు ఇన్ని అని తేలుస్తుంది. ఆ మార్చిలోనే ఒపెరా వాళ్లూ, సఫారీకి మూలమైన వెబ్‌కిట్ వాళ్లూ ఒకరితో ఒకరు పోటీపడి వందకు వంద చూపించారు. బ్రౌజరావులు దేశదేశాల్లో పండగ చేసుకున్నారు. ఫైర్‌ఫాక్స్ 4 మాత్రం 97 దగ్గర నిలిచింది, ఆ పరీక్ష అడిగే ఎస్‌వీజీ ఫాంట్లు అనవసరమని మొజిల్లా వాటిని చేర్చలేదు. తర్వాత 2011లో ఆ పరీక్ష పెట్టినవాళ్లే, ప్రమాణాల్లో ఇంకా మారే అవకాశం ఉన్నవాటికి సంబంధించిన కొన్ని అంశాలను తీసేశారు. ఫైర్‌ఫాక్స్ కదలకుండా మెదలకుండా వందకు చేరింది. ఇందులో రావు నేర్చుకోవలసింది చాలా ఉంది. నేర్చుకోలేదు, పట్టికలో 97 కొట్టేసి 100 వేసుకున్నాడు. ఇప్పుడైతే ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా ఏటా ఇంటరాప్ పేరుతో కూడబలుక్కుని ఒకే రకం పరీక్షలు నెగ్గేందుకు పని చేస్తున్నాయి. ప్రమాణాల గడిలో తేడా ఏటేటా తగ్గిపోతోంది. రావు మాత్రం దశాంశ స్థానాలు పెంచుకుంటున్నాడు.

అసలు చిక్కు మార్కులది కాదు, వరుసలది. బ్రేవ్, వివాల్డీ, ఒపెరా, ఎడ్జ్, శాంసంగ్ ఇంటర్నెట్, మన దేశపు బ్రౌజరంటూ రావు గర్వంగా చూపించే జోహో వారి ఉలా, అన్నీ క్రోమ్‌కు మూలమైన క్రోమియం మీద కట్టినవే. ఒకే పిండితో ఇడ్లీ, దోసె, పుణుగులు వేసి ఏ హోటల్ పిండి మేలో తేల్చమన్నట్టుంటుంది ఆ పట్టిక. పేజీలను తెర మీద గీసే తన సొంత ఇంజిన్ ప్రెస్టోను ఒపెరా 2013లో వదిలేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో ఎడ్జ్‌ను క్రోమియం మీదికి మార్చేసింది. జనం చేతుల్లో ఉన్న ఇంజిన్లు ముఖ్యంగా మూడే: క్రోమియంలోని బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో, సఫారీలోని వెబ్‌కిట్. బ్లింక్ కూడా 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టిందే. క్రోమ్ ఏ వెబ్‌సైటుకైనా తనను తాను పరిచయం చేసుకునే వాక్యంలో మొజిల్లా, ఆపిల్‌వెబ్‌కిట్, గెకో, సఫారీ పేర్లన్నీ ఉంటాయి. తన పేరు వాటి మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

భద్రత గడి ఇంకా విచిత్రం. 2023 సెప్టెంబరులో వెబ్‌పి బొమ్మలను విప్పి చూపించే ఒక కోడులో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ఆ కోడు గూగుల్ రాసింది, కానీ అందరూ తెచ్చుకుని వాడుకుంటున్నదే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ మాత్రమే కాదు, ఇంజిన్ వేరైన ఫైర్‌ఫాక్స్‌కూ అదే గండం వచ్చింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఒకటి రెండు రోజుల తేడాతో దిద్దుబాటు ఇచ్చాయి. ఆ వారం క్షేమంగా ఉన్నవాడు అప్‌డేట్ చేసుకున్నవాడే గానీ 'మంచి బ్రౌజర్' వాడినవాడు కాదు. అంతకుముందు 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరమే, మధ్యలో కంటికి కనబడని ఒక కోడు చేరితే, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది (తెలుగు అక్షరం ప్రపంచ వార్త కావడం అరుదు, అదీ ఇలాంటి పేరుతో). లోపం అక్షరాలు గీసే ఫోన్ వ్యవస్థలోనే ఉంది కాబట్టి బ్రౌజర్ మార్చినా ఒరిగేదేమీ లేదు. ఆపిల్ పంపిన అప్‌డేటే దిక్కయింది. రావు పట్టికలో 'ఈ ఇంట్లో చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు చేశారు' అన్న గడి మాత్రం లేదు.

అయితే ఈ మనిషి వల్ల ఉపయోగమే లేదా అంటే, ఉంది. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 తర్వాత 7 రావడానికి 2006 దాకా పట్టింది. ఎదురులేనివాడికి తొందరేముంటుంది? ఆ ఐదేళ్లలో వెబ్‌సైట్లు ప్రమాణాలు వదిలేసి ఎక్స్‌ప్లోరర్ అలవాట్లకు తగ్గట్టు తయారయ్యాయి. తెలుగు పత్రికల సైట్లు కొన్ని యూనికోడ్ కాని సొంత ఫాంట్లలో ఉండేవి. ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపించిన సంపాదకీయం ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలై కూర్చునేది. పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ గీతలు యూనికోడ్ తెలుగుగా మారేవి. అది తయారు చేసినవాళ్లూ, ఇంటింటికీ తిరిగి వేసిపెట్టినవాళ్లూ బ్రౌజరావులే. జనం పోయి ఫైర్‌ఫాక్స్‌లో చేరాకే మైక్రోసాఫ్ట్ మళ్లీ పనిలోకి దిగింది. పట్టిక తప్పులతడకే కావచ్చు, ఆ పోరు మాత్రం పని చేసింది.

ఆ రోజులు వేరు, ఇప్పుడు క్రోమియం ఇంజిన్ అందరికీ ఉచితం, కోడు బహిరంగం, సైట్లు రాసేవాళ్లకూ ఒకటే ఉంటే సుఖం కదా అంటారు. సుఖమే, నిర్ణయాలు తీసుకునే చెయ్యి ఎవరిదో మరిచిపోతే. ఎక్స్‌టెన్షన్లకు మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమావళి తెచ్చి క్రోమ్ పాతవాటిని ఆపేసింది. ప్రకటనలను ఆపేందుకు లక్షలమంది నమ్ముకున్న యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో అక్కడ పని చేయదు, తేలిక రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ పూర్తిగా పని చేస్తోంది. ప్రకటనల మీద బతికే కంపెనీ ప్రకటనలను ఆపే పనిముట్టుకు హద్దులు గీయగలిగినప్పుడు, కోడు బహిరంగమైనంత మాత్రాన ఏం లాభం? మరి ఫైర్‌ఫాక్స్ అంత స్వతంత్రమా అంటే, మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. ఈ మాట ఎత్తితే రావు ముఖం మాడుతుంది, టాపిక్ వేగం మీదికి మళ్లుతుంది. అన్నం పెట్టేవాడు పోటీదారుడే కావడం నిజంగా బలహీనతే. అయినా వేరే ఇంజిన్ బతికి ఉందన్న మాట నిజం. దాన్ని వాడేవాళ్లు తగ్గితే సైట్లవాళ్లు దానిలో పరీక్షించడమే మానేస్తారు, ఎక్స్‌ప్లోరర్ కాలంలో అదే జరిగింది.

కాబట్టి ఈసారి మీ ఇంటికి బ్రౌజరావు వస్తే కాఫీ ఇవ్వండి, పట్టిక మాత్రం తీయనివ్వకండి. ఉన్న బ్రౌజర్‌కు అప్‌డేట్ చేయించి, పక్కన వేరే ఇంజిన్‌ది ఒక్కటి, ఒక్కటే, పెట్టించుకోండి. వెళ్లేముందు పాస్‌వర్డులు ఎక్కడున్నాయో కాగితం మీద రాయించుకోవడం మరవకండి.