ఆలస్యంగా పుట్టినందుకు క్రమబద్ధీకరణ కోరుతూ...

తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల మంత్రివర్యుల సముఖానికి,

సిద్దిపేట పట్టణంలో కిరాయి పోర్షన్‌లో ఉంటూ, ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఒక లెక్చరర్ నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: నేను 1993లో పుట్టాను. దాన్ని 1963గా క్రమబద్ధీకరించగలరని.

అయ్యా,

ఇటువంటి దరఖాస్తు మీ పేషీకి ఇదివరకు వచ్చి ఉండదు. అయినా నేను అడుగుతున్నది మీకు అలవాటు లేని పని కాదు. మన రాష్ట్రంలో ఏ పొరపాటునైనా ఫలానా తేదీకి ముందు చేసి ఉంటే చాలు, సరిదిద్దడానికి ఒక జీవో దొరుకుతుంది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొని 2020 ఆగస్టు 26 లోపు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లకు ఎల్‌ఆర్‌ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం ఉంది. వెయ్యి రూపాయలు కట్టి 25 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ కూడా ఇచ్చారు. సర్కారు జాగాలో 2014 జూన్ 2 నాటికే గుడిసె వేసుకున్న పేదలకు జీవో 58 కింద 125 గజాల దాకా ఉచితంగా పట్టా. ఆ గడువును తర్వాత 2020 జూన్ 2కు జరిపారు. పేదలకిచ్చిన పట్టాల మీద నాకు ఏడుపు లేదు. నా బాధల్లా, 2014 జూన్ 2 నాడు నేను ఎమ్మెస్సీ ఎంట్రెన్స్‌కు చదువుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. ఏ జాగా ఆక్రమించలేదు. ఏ నిబంధనా దాటలేదు. సరిదిద్దడానికి నా దగ్గర తప్పంటూ ఒకటుంటే, ఆలస్యంగా పుట్టడమే.

1963 అని ఎందుకు అడిగానంటే, అది మా బాపు పుట్టిన సంవత్సరం. ఆయన ఆర్టీసీలో కండక్టర్ చేసి రిటైరయ్యాడు. తొంభైల చివర్లో చిట్టి ఎత్తి, అమ్మ మెడలోది కుదువబెట్టి 150 గజాలు కొన్నాడు. అప్పుడు ఆ జాగాకు పెట్టింది ఆయన ఏడాది జీతం. ఇప్పుడు అదే గల్లీలో అంతే జాగా కొనాలంటే నాకు ఇరవై ఏండ్ల జీతం కావాలి. అదీ కిరాయి కట్టకుండా, బియ్యం కొనకుండా, పిల్లకు జ్వరం రాకుండా.

రేపు ఆ ఇల్లు మీదే కదా అంటారు. రెండు గదుల ఇల్లది. ఇప్పటికే అమ్మ, బాపు, అన్న కుటుంబం అందులో సర్దుకుంటున్నారు. రేపు మూడు వాటాలవుతాయి. ఆడపిల్లకు సమాన వాటా అని ఎన్టీఆర్ హయాంలోనే చట్టం వచ్చింది, మంచి పని జరిగింది. నా వంతుకు 50 గజాలు. అదైనా బాపు కాలం తర్వాత. ఆయన నిండు నూరేండ్లు ఉండాలని కొమురెల్లి మల్లన్నకు మొక్కేవాణ్ని నేనే. మల్లన్న ఆ మొక్కు తీరిస్తే వాటా చేతికి వచ్చేనాటికి నాకు డెబ్బై నిండుతాయి. అప్పుడు ఇంటికి ముగ్గు పోయడానికి వంగగలనో లేదో.

బాపు ఆస్తి విలువ పెరిగిందని చుట్టాలంతా ఆయన్ను మెచ్చుకుంటారు. పెరిగిన దాంట్లోంచి ఆయన ఒక చాయ్ తాగింది లేదు. అమ్మితే ఎక్కడుండాలి? కాగితం మీద ఆయన లక్షాధికారి అయ్యాడు, ఆ కాగితం వల్లే నేను కిరాయిదారునయ్యాను. ఇద్దరం ఒకే ఇంటివాళ్లం కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియక మీకు రాస్తున్నాను.

ఉల్లిగడ్డ ధర పెరిగితే ధర్నా. గ్యాస్ బండ ధర పెరిగితే రాస్తారోకో. భూమి ధర పెరిగితే మాత్రం దావత్. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకు పోతే అప్పటి సర్కారు మురిసింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లకు పోతే ఇప్పటి సర్కారు మురిసింది. రెండు చోట్లా వేలం పాట పెట్టింది సర్కారే. తెలంగాణలో ఒక్క ఎకరం అమ్మితే ఆంధ్రలో ఎన్నో ఎకరాలు కొనొచ్చని మా పక్కనే ఉన్న గజ్వేల్ ఎమ్మెల్యే గారు ముఖ్యమంత్రి హోదాలో సభల్లో చెబుతుంటే చప్పట్లు మారుమోగేవి. చప్పట్లు కొట్టినవాళ్లలో అమ్మడానికి ఎకరం ఉన్నది ఎందరికో ఎవరూ లెక్క తీయలేదు.

మీ మీద నాకు కొంత జాలి కూడా ఉంది. రెవెన్యూ మీదే, రిజిస్ట్రేషన్లు మీవే, ఇండ్లు కట్టించే శాఖా మీదే. గజం ధర పెరిగిన పూట రిజిస్ట్రేషన్ల మంత్రిగా మీకు రాబడి, అదే పూట గృహనిర్మాణ మంత్రిగా మీకు తలనొప్పి. ఒకే కుర్చీలో కూర్చుని ఆ ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకుంటారా అని నా అనుమానం. 2021 జూలైలో రిజిస్ట్రేషన్ ఖర్చును 6 శాతం నుంచి 7.5కు పెంచి, భూముల సర్కారు విలువలు కూడా పెంచి, 2022 ఫిబ్రవరిలో ఆ విలువలను మళ్లీ పెంచినప్పుడు ఆర్థిక శాఖ మా సిద్దిపేట ఎమ్మెల్యే గారి చేతిలోనే ఉండె. మా ఊరాయనే కదా అని మాకేమీ తగ్గలేదు.

ఒక ఆదివారం రాజీవ్ రహదారి మీద దుద్దెడ దాటినాక ఒక వెంచర్‌కు పోయాను. షామియానా, బిర్యానీ పొట్లాలు, తెల్ల రంగు కొట్టిన హద్దురాళ్లు, గుడి గోపురం లాంటి కమాన్. కమాన్ అవతల పత్తి చేనులో ఒకామె పత్తి ఏరుతూనే ఉంది, ఈ హడావుడి వైపు తలెత్తలేదు. మెడలో ట్యాగ్ వేసుకున్న కుర్రవాడు బ్రోచర్ విప్పాడు. కలెక్టరేట్ ఐదు నిమిషాలు. ఐటీ టవర్ ఐదు నిమిషాలు. రైల్వే స్టేషన్ ఐదు నిమిషాలు. గజ్వేల్ పక్క నుంచి రీజినల్ రింగ్ రోడ్డు వస్తే హైదరాబాద్ కూడా దగ్గరే అన్నాడు, నిమిషాలు మాత్రం చెప్పలేదు.

"అన్నా, ఇయ్యాల బయానా ఇస్తేనే ఈ రేటు. వచ్చే ఐతారం గజానికి ఐదు వందలు ఎక్కువైతది."

"ఎందుకైతది తమ్మీ?"

"అందరు పెరుగుతదని కొంటున్నరు గదన్నా, అందుకే పెరుగుతది."

లెక్కల లెక్చరర్‌ను నేను, ఇంతకన్నా శుద్ధమైన నిరూపణ ఏ పుస్తకంలోనూ చూడలేదు. నువ్వు కొన్నవా అని అడిగాను. "యాడిదన్నా, మేం ముగ్గురం ఒక్క రూములుంటం" అని నవ్వాడు.

ఆ బ్రోచర్‌లోని కలెక్టరేట్ 2021లో, ఐటీ టవర్ 2023లో మొదలయ్యాయి. సిద్దిపేటకు రైలు 2023 అక్టోబర్‌లో వచ్చింది. మూడూ జనం పన్నులతోనే వచ్చాయి, వాటిలో నా పన్నూ ఉంది. వాటి వల్ల పెరిగిన ధర మాత్రం అంతకుముందే అక్కడ హద్దురాయి పాతుకున్నవాడి జేబులోకి పోయింది. కొనడానికి పోతే, నా పన్నుతో వచ్చిన రైలుకు నన్నే మళ్లీ గజం లెక్కన కట్టమంటున్నారు.

అన్నట్టు, మీ మునిసిపల్ చట్టంలో ఒక మంచి మాట ఉంది. 75 గజాల లోపు జాగాలో గ్రౌండ్ మీద ఒక అంతస్తు దాకా ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఇంటిపన్ను కూడా ఏడాదికి వంద రూపాయలే. సార్, నా దగ్గర రూపాయి ఉంది. 75 గజాలే లేవు. ఆ వెంచర్‌లో అన్నిటికన్నా చిన్న ప్లాటు 200 గజాలు.

ఇక లోను సంగతి. మీ శాఖకు తెలియనిది కాదు గానీ ఎవరూ కాగితం మీద పెట్టరు కాబట్టి రాస్తున్నాను. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, బజారు ధర ఇంకొకటి. ఈ రెంటి మధ్య తేడా నోట్ల కట్టల్లో చేతులు మారుతుంది. బ్యాంకు వైట్‌కే లోనిస్తుంది, బ్లాక్‌కు ఇవ్వదు. ఆ కట్టలు ఎవరి దగ్గరుంటాయి? ఇదివరకే ఒక ప్లాటు అమ్ముకున్నవాడి దగ్గర. జీతం మీద బతికేవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. నా జీతమైనా ఏడాదికి పది నెలలే వస్తుంది, సగం చేతికి, సగం ఖాతాకు. బ్యాంకు సారు ఫారం-16 అడిగాడు. లేదంటే మంచినీళ్లిచ్చి పంపాడు.

డబుల్ బెడ్రూం ఇండ్లకు పోతే అక్కడ ఇంకో కథ. సిద్దిపేట నర్సాపూర్‌లో 2020 డిసెంబర్‌లో ప్రారంభించిన కేసీఆర్ నగర్ చూశాను. 2,460 ఇండ్లు, ఉచితం. బాగానే కట్టారు, కాదనను. కానీ ఆ ఇల్లు రావాలంటే తెల్ల కార్డుండాలి, పట్టణంలో ఆ కార్డుకు ఆదాయం ఏటా రెండు లక్షలు దాటొద్దు. నాది కొంచెం దాటింది. బ్యాంకు లెక్కలో పేదవాణ్ని, సర్కారు లెక్కలో ఉన్నవాణ్ని. ఈ రెండు లెక్కలూ ఒకేసారి ఎట్లా సరైనవో మా పిల్లలకు బోర్డు మీద చేసి చూపించలేకపోయాను.

2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో మీ పార్టీ గ్యారంటీలిచ్చింది. ఇల్లు లేనివాళ్లకు జాగా, 5 లక్షలు. తెలంగాణ ఉద్యమకారులకు 250 గజాలు. 2024 మార్చిలో భద్రాచలంలో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైంది, నియోజకవర్గానికి 3,500 అన్నారు. సర్వే చేసి జాగా ఉన్నవాళ్లను ఎల్-1 జాబితాలో, జాగా లేనివాళ్లను ఎల్-2లో పెట్టి, ముందు ఎల్-1తో మొదలుపెట్టారు. ఇంటికన్నా ముందు జాగాయే కావాల్సినవాళ్లం మేము, వరుసలో వెనక నిలబడ్డాం. మా తరానికి ఎవరైనా పేరు పెట్టాలనుకుంటే ఎల్-2 అని పెట్టొచ్చు.

250 గజాల మాట విని మాత్రం ఆశ పుట్టింది. 2009 నవంబర్‌లో రంగధాంపల్లి దగ్గర దీక్షకు వస్తున్న కేసీఆర్‌ను దారిలోనే అరెస్టు చేసినప్పుడు నేను ఇంటర్. కాలేజీ బంద్ చేసి రోడ్డెక్కినవాళ్లలో ఉన్నాను. రుజువేదని అడుగుతున్నారు. నా మీద కేసు కాలేదు, ఆ రోజు అది అదృష్టమనుకున్నాం. లాఠీ దెబ్బకు రసీదు ఇవ్వలేదు.

అయితే ఇదే జిల్లాలో పెండ్లి కాని పిల్లగాణ్ని కూడా సర్కారు వేరే కుటుంబంగా ఒప్పుకున్న చోటు ఒకటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఎవరైనా మేజరైతే చాలు, ఆడైనా మగైనా, పెండ్లి అయినా కాకున్నా, విడి కుటుంబమే. మల్లన్నసాగర్ రిజర్వాయర్ కింద ముంపుకు పోయిన ఊర్లలో 18 నిండినవాళ్లకు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలో ప్లాటు, పరిహారం ఇస్తామన్నది ఆ లెక్కనే. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ పిల్లలు దానికి బదులు ఏమిచ్చారో జిల్లాలో అందరికీ తెలుసు. అందిన ప్యాకేజీ మీద వాళ్ల గొడవ వాళ్లకుంది, అందులోకి నేను పోను. నా ప్రశ్న చిన్నది. పద్దెనిమిదేండ్ల మనిషికి తనదంటూ ఒక ఇల్లు కావాలని మన చట్టానికి తెలుసు. ఆ తెలివి రావాలంటే ముందు ఊరు మునగాల్సిందేనా?

సిద్దిపేటను సింగపూర్ చేస్తామని ఎవరైనా మైకు పట్టుకుంటే ఇకమీదట అడ్డు చెప్పను. చేయండి. అక్కడ ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది సర్కారు సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఆ ముక్క మాత్రం ఏ మైకులోనూ వినపడదు. సింగపూర్ సంగతి అట్లుంచితే, కెనడా పోయిన మా మేనబావ అక్కడ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాడు. ఇక్కడ బేస్‌మెంట్ లేపితే ఇందిరమ్మ బిల్లు లక్ష పడుతుందిరా అని చెబితే ఫోన్లో చాలాసేపు నవ్వాడు.

మా ఇంటి ఓనర్ సారు రిటైర్డ్ టీచర్. పేరు మీద మూడు ప్లాట్లున్నాయి. "తమ్మీ, ఇంక కొనలేదా?" అని ప్రేమగానే అడుగుతాడు. ఆయన దొరా కాదు, కబ్జాకోరూ కాదు. ఒక ప్లాటు బిడ్డ పెండ్లికి, ఒకటి రేపటి ఆస్పత్రికి. మూడోది 2004 తర్వాత ఉద్యోగంలో చేరి పాత పెన్షన్ లేని కొడుకు కోసం. సర్కారు ఇవ్వని ధీమా అంతా ఆయన హద్దురాళ్ల మధ్య పాతిపెట్టుకున్నాడు. గజం ధర తగ్గితే ఆయన గుండె ఆగుతుంది, తగ్గకపోతే నా బతుకు ఆగుతుంది. ఇద్దరం ఒకే గోడకు అటూ ఇటూ పడుకుంటాం.

అందుకే ఏ పార్టీ గోడ మీదా "గజం ధర తగ్గిస్తాం" అనే రాత కనపడదు. వార్డు మెంబర్ నుంచి ఎమ్మెల్యే దాకా, ధర్నా చేసే నాయకుడి నుంచి ఆ వార్త రాసే విలేకరి దాకా అందరికీ ఎక్కడో ఒక ప్లాటుంది. 2024లో అమ్మకాలు మందగిస్తే మీరు రియల్ ఎస్టేట్‌ను కూల్చారని ప్రతిపక్షం తిట్టింది, లేదు లేదు లేస్తుందని మీరు ఓదార్చారు. నాలాంటివాళ్లం నలుగురం చాయ్ హోటల్లో కూర్చుని లోలోపల సంతోషపడ్డాం. ఆ సంతోషానికి ఒక జెండా లేదు, ఒక ఎమ్మెల్యే లేడు. యువత ఓటింగ్‌కు రావట్లేదని, ఇన్‌స్టాలో అందరినీ తిడుతున్నదని మీవాళ్లు టీవీల్లో బాధపడుతుంటారు. ఎవరికి ఓటేసినా ప్లాటున్నవాళ్ల సంఘానికే పోతుందని తేల్చుకున్నవాడు ఇంకేం చేస్తాడు?

నా పుట్టిన తేదీ మార్చడం మీ పరిధిలో లేకుంటే ఇంకో దారి చూడండి. ఖాళీ జాగా మీద పన్ను చట్టంలో ఎటూ ఉంది, మూడో ప్లాటు దగ్గరైనా దాన్ని గట్టిగా వసూలు చేయండి. రిజిస్ట్రేషన్ విలువను బజారు ధర దాకా తెచ్చి, మొదటి ఇల్లు కొనేవాడికి ఆ 7.5 శాతాన్ని తగ్గించండి. కట్టలు మాయమైతే బ్యాంకు తలుపు కొంచెం తెరుచుకుంటుంది. కోకాపేటలో లాగా వేలం వేసే సర్కారు జాగాలో, కొంతైనా 75 గజాల ముక్కలుగా మాలాంటివాళ్లకు ఇచ్చి, అమ్మితే మళ్లీ సర్కారుకే అమ్మాలని షరతు పెట్టండి. వీటితో ఓనర్ సారు మీ మీద కోపం చేస్తాడు. ఆయన ఓటు మీకు పోవచ్చు. మా నలుగురి ఓట్లు వస్తాయా అంటే మాట ఇవ్వలేను, ఇదివరకు ఇచ్చిన మాటలు మీకూ గుర్తుండే ఉంటాయి.

దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు, ఎల్‌ఆర్‌ఎస్ రేటే, సిద్ధంగా ఉంది. గడువు లోపు కడితే 25 శాతం రాయితీ నాకూ వర్తింపజేయగలరు.

జవాబు రాస్తే కాలేజీ అడ్రస్‌కు పంపండి. పోర్షన్ దసరా దాకే, ఓనర్ సారు కొడుకు పెండ్లి ఉంది.

ఇట్లు,
ఎల్-2, సిద్దిపేట