ఏడు రేవులు చూడకుండా రావడమెలా?

నిజామాబాద్‌కు సముద్రం లేదు. గోదావరి ఉంది, మంజీర ఉంది, ఎండాకాలంలో ఆ రెండూ ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి. అందుకే ఓడ అంటే మనవాళ్లకు అంత మోజు. పసుపు ధర ఓ ఏడు కలిసొచ్చినా, కొడుకు గల్ఫ్ నుంచి నాలుగు పైసలు పంపినా, సారు రిటైరై గ్రాట్యుటీ చేతికందినా, చూపు ఇక షిర్డీ దగ్గర ఆగదు. మధ్యధరా సముద్రం తూర్పు వైపుకు పోతుంది: పిరేయస్, శాంటోరిని, రోడ్స్, కుషాదాసి, లిమాసోల్, అలెగ్జాండ్రియా, ఇస్తాంబుల్.

అన్నీ పాతకాలపు రేవులు. దిగితే నడవాలి, నడిస్తే ఏదో ఒకటి తెలుసుకోవాలి. ఈ రెండు బాధలూ తప్పించుకుని, డబ్బు మాత్రం పూర్తిగా ఖర్చయ్యేలా చూసుకునే మార్గం కింద ఇస్తున్నాం. ఒక్క మెట్టు కూడా వదలకండి.

1. సెలవు అడగకండి. సర్కారు నౌకరీ అయితే విదేశం పోవడానికి అనుమతి తీసుకోవాలి. అనుమతి అంటే కాగితాలు, కాగితాలంటే సంతకాలు, సంతకాలంటే ఆఫీసుకు వెళ్లడం. మెడికల్ లీవ్ పెట్టేయండి. ఖలీల్‌వాడిలో డాక్టర్ల బోర్డులు చదువుకుంటూ ఓ చక్కర్ కొడితే మీ ముఖానికి నప్పే రోగమేదో తెలిసిపోతుంది. నడుము నొప్పి శ్రేష్ఠం, ఎవరూ పట్టి చూడలేరు. శాంటోరినిలో నీలం గుమ్మటాల ముందు రెండు చేతులూ చాచి దిగిన ఫొటోను అదే రోజు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. హెడ్మాస్టర్‌కు కనిపించకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది, దాని జోలికి పోకండి. "నడుము ఇప్పుడెట్లుంది సార్?" అని ఆయన మెసేజ్ పెడితే, గాలి మార్పు కోసం వచ్చానని చెప్పండి.

2. వీసా చివరి వారం పని. పాస్‌పోర్టు సేవా కేంద్రం నిజామాబాద్‌లోనే ఉంది కదా, తొందరేముంది? గడువు ఇంకో నాలుగు నెలలుందంటే బోలెడు. ఓడ కంపెనీలు ఆర్నెల్లు అడుగుతాయి గానీ వాళ్లు అడిగేవన్నీ ఇస్తూ పోతే ఎట్లా? షెంగెన్ వీసాకు ప్రయాణం ఆర్నెల్లుందనగానే దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేసుకోవాలి. మీరు పద్నాలుగో రోజున హైదరాబాద్ బస్సెక్కండి.

ఫారంలో ఒకసారి ప్రవేశమా, ఎక్కువసార్లా అని అడుగుతారు. ఒక్కసారే అని టిక్కు పెట్టండి. ఒక్క పెండ్లికి రెండుసార్లు పోతామా? గ్రీసులో ఓడెక్కి, టర్కీ రేవులో దిగి, మళ్లీ గ్రీసు దీవికి వస్తే అది రెండో ప్రవేశం కింద లెక్క. ఈ సంగతి పిరేయస్ కౌంటర్‌లో ఒకమ్మాయి చాలా మర్యాదగా చెబుతుంది. వీసా ఫీజు 90 యూరోలు, ఓడ టికెట్టు, విమానం టికెట్టు ఏవీ తిరిగి రావు. ఓడ కదిలేటప్పుడు ఒడ్డు మీద నిలబడి చెయ్యూపే అవకాశం మాత్రం మీ ఒక్కరికే దక్కుతుంది.

ఇవన్నీ ఎవరు చూస్తారనుకుంటే ఏజెంట్ ఉన్నాడు. విజిట్ వీసా చేతిలో పెట్టి పని వీసా అని నమ్మించిన ఏజెంట్ల కథలు ఆర్మూరు, బాల్కొండ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అవి గల్ఫ్ కథలు, మీది యూరప్. "అన్నా, నేను చూస్కుంట" అన్నాడంటే పైసలిచ్చేయండి. రసీదు అడిగితే పాపం నొచ్చుకుంటాడు.

3. దుబాయ్‌లో విమానం మారేటప్పుడు బావమరిదిని తప్పకుండా పిలిపించండి. అతనుండే లేబర్ క్యాంపు ఊరి బయట ఉంటుంది, సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది, మీరు లోపలే ఉంటారు కాబట్టి కలవడానికి వీల్లేదు. అయినా రమ్మనండి. రాకపోతే పెద్దపండక్కి ఎత్తిపొడవడానికి ఒక మాట మిగులుతుంది.

4. రైస్ కుక్కర్ తీసుకెళ్లండి. నిప్పు ప్రమాదమని ఓడల మీద కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే కెటిళ్లు నిషేధం. చీరల మధ్య పెడితే తెలీదు. పెట్టెను స్కానర్‌లో పంపినప్పుడు తెలుస్తుంది. కుక్కర్‌ను పట్టుకుపోయి దిగే రోజున తిరిగిస్తారు. దానికి కేటాయించిన ఏడు కిలోల లగేజీ మీదే, బాధ మీదే.

5. ఓడ కదలక ముందు ప్రాణరక్షణ కసరత్తు ఉంటుంది, లైఫ్ జాకెట్ ఎక్కడ, ఎవరు ఎక్కడ చేరాలి అని చెబుతారు. బాత్రూంలో దాక్కోండి. 2012లో ఇటలీ తీరాన కోస్తా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయాక, ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో ఈ కసరత్తు జరగాలని ప్రపంచమంతా నియమం పెట్టుకుంది. ప్రపంచానికి పనిలేదు.

6. తినండి. టికెట్టులో భోజనం కలిసే ఉంటుంది కాబట్టి ప్రతి ముద్దా మీకు లాభం. పొద్దున ఎనిమిదింటికి ఒక టిఫిను, పదింటికి ఇంకోటి. చెఫ్‌ను పిలిచి అంకాపూర్ నాటుకోడి లేదా అని నిలదీయండి. లేదంటే, "గిదేం ఓడ!" అని చుట్టుపక్కల బల్లలకు వినపడేలా అనండి.

ఈ సాధన ఫలితం శాంటోరినిలో కనిపిస్తుంది. అక్కడ ఓడ రేవుకు రాదు. అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన గుంతలో సముద్రం నిండింది, దాని నడుమ ఓడ ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు పోవాలి. ఊరు కొండ మీద. కేబుల్ కారుకు గంటల కొద్దీ వరుస, లేకపోతే దాదాపు 600 మెట్లు, అదీ కాకపోతే గాడిద. 2018లో గ్రీసు ప్రభుత్వం గాడిద మీద వంద కిలోలకు మించి, లేదా దాని బరువులో అయిదో వంతుకు మించి ఎక్కించకూడదని ఆదేశమిచ్చింది. మీరు గాడిద ముందు నిలబడితే అది మిమ్మల్ని, మీరు దాన్ని చూసుకుని ఒక అవగాహనకు రండి. 2025 నుంచి సీజన్‌లో ఇక్కడ దిగే ఒక్కో ఓడ ప్రయాణికుడి మీద 20 యూరోల రుసుము వేస్తున్నారు. అది కట్టి పడవ దిగిన చోటే కూర్చుని నిమ్మరసం తాగి రండి.

7. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకండి, మీరెక్కింది ఓడ. నడి సముద్రంలో ఓడ సొంత సిగ్నల్‌కు ఫోన్ తనంతట తానే అతుక్కుంటుంది. మేనత్తకు వీడియో కాల్ చేసి సముద్రం చూపించండి. "అంతా నీళ్లే గదరా" అంటుంది. బిల్లు వచ్చాక మీకూ అదే అనిపిస్తుంది.

8. రోడ్స్‌లో గైడ్ వెంట పడకండి. భూకంపానికి కూలిన మహావిగ్రహం, క్రైస్తవ యోధులు కట్టిన కోట చాలవన్నట్టు పాత సముద్ర న్యాయం గురించి కూడా చెబుతాడు. తుఫానులో ఓడను కాపాడటానికి ఒకరి సరుకును నీళ్లలో పారేస్తే, ఆ నష్టాన్ని సరుకున్న వాళ్లందరూ పంచుకోవాలన్న నియమం ఈ దీవి పేరు మీదే రోమన్లకు అందింది. వింటే ఏమవుతుందంటే, మన కాకతీయ గణపతిదేవుడు గుర్తొస్తాడు. తీరానికి కొట్టుకొచ్చిన ఓడలోని సొత్తునంతా పాత రాజులు గుంజుకునేవారు, మేం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. ఇది గుర్తొస్తే మోటుపల్లి ఎప్పుడూ చూడలేదే అనిపిస్తుంది. బాపట్ల జిల్లాకు రైలు టికెట్టు ఎంతని, ఇక్కడిదాకా ఎందుకొచ్చామని ఆలోచనలు మొదలవుతాయి. ఓడ మీదే పడుకోండి.

9. కుషాదాసి నుంచి ఎఫెసస్ ఓ ఇరవై కిలోమీటర్లు. సెల్సస్ గ్రంథాలయం ముందు ఒక ఫొటో దిగి బస్సెక్కేయండి. ఎందుకంటే పెద్ద రంగస్థలం నుంచి ఒక రాతి దారి తిన్నగా రేవుకు పోతుంది, రేవు దగ్గర సముద్రం ఉండదు. నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోయి, నీళ్లు కిలోమీటర్ల దూరం జరిగిపోయాయి. రేవు పోయాక ఊరు నిలవలేదు. బోధన్ ఆయకట్టు మనిషి ఇది వింటే ఊరుకోడు. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 18 లోపే అని లెక్క తీస్తాడు. పూడిక మాట యాత్రకొచ్చిన చోట ఎందుకు? తోలు జాకెట్ల దుకాణానికి పదండి. అసలు ధరకు మూడింతలు చెబుతారు, రెండింతలకు తెగ్గొట్టి గెలవండి.

10. లిమాసోల్‌లో అస్సలు దిగకండి. ఈ సలహా ముఖ్యంగా బోధన్ వాళ్లకు.

ఆ ఊరికి కాస్త దూరంలో కొలోస్సి అనే కోట ఉంది. కోట పక్కనే పాత చక్కెర మిల్లు. రోడ్స్ యోధులదే ఇదీ. కాలువ కట్టి నీళ్లు తెచ్చి, ఆ ఉరవడితో రాతి గానుగలు తిప్పి చెరకు ఆడించేవారు. రసాన్ని రాగి పాత్రల్లో కాచి, గరాటు ఆకారపు మట్టి కుండల్లో పోసి, పాకం కారిపోయాక మిగిలిన చక్కెరను వెనిస్‌కు పంపేవారు. పక్క ఊరు ఎపిస్కోపిలో వెనిస్ కుటుంబం ఒకటి చెరకు వేసింది, ఆ రెండు తోటలకూ ఏటి నీళ్ల దగ్గర తగాదా. తర్వాత అట్లాంటిక్ దీవుల నుంచి, అమెరికా వైపు నుంచి చవక చక్కెర వచ్చి పడింది. సైప్రస్ రైతులు పత్తికి మారారు. కమానుల గోడలు మాత్రం మిగిలాయి, టికెట్టు కొంటే చూడనిస్తారు.

చెరకు, కాలువ, నీళ్ల తగాదా, పంట మార్పు, మూతబడ్డ మిల్లు. ఇందులో మీకు తెలియనిదేముంది? 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది, దాని కోసమే శక్కర్‌నగర్ అని ఊరు వెలిసింది, 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది, చెరకు మళ్లలో వరి వేసుకున్నారు. పొరపాటున దిగి, గైడ్‌తో "మా దగ్గరా గిసొంటిదే ఉండె" అన్నారనుకోండి, "మరి ఎందుకు మూసేశారు?" అని అడుగుతుంది. జవాబు 2002 నుంచి మొదలుపెట్టాలి. ఓడేమో సాయంత్రం ఆరింటికి కదులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అయిదు వందల ఏళ్ల నాటి మిల్లు గోడలకు వాళ్లు సున్నం వేసి, బోర్డు పెట్టి, కాపలా పెట్టారు. అది చూశాక మీకు రాత్రి భోజనం సయించదు. కట్టిన డబ్బు వృథా.

11. అలెగ్జాండ్రియాలో పిరమిడ్లకు టాక్సీ మాట్లాడుకోండి. ఈ ఊళ్లోనే ప్రపంచ వింతల్లో ఒకటైన దీపస్తంభం ఉండేది, భూకంపాలకు కూలిపోయింది, దాని రాళ్లతోనే 1477లో అక్కడ ఖైత్‌బే కోట మొదలుపెట్టారు. రేవుకు దగ్గరే. దగ్గరున్నది ఎవరు చూస్తారు? పిరమిడ్లకు రానుపోను ఆరు గంటలు. ఓడవాళ్ల బస్సులో పోతే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, కానీ డబ్బెక్కువ. టాక్సీవాడు చవక, అతని బాబాయికి అత్తరు దుకాణం కూడా ఉంది. చేతి గడియారాన్ని ఇండియా టైమ్ మీదే ఉంచండి, లెక్క తప్పడానికి అనువుగా ఉంటుంది.

మీరు రాకపోతే ఓడ సిబ్బంది మీ గదిలో లాకర్ తెరిచి, పాస్‌పోర్టు తీసి, రేవులోని ఏజెంట్‌కు అప్పగించి పోతారు. ఈ మేలు జరగకుండా చూసుకోవాలి. పాస్‌పోర్టును లాకర్‌లో పెట్టకండి. మామిడికాయ తొక్కు డబ్బా అడుగున దాచండి. ఓడతో పాటు అది భద్రంగా ఇస్తాంబుల్ చేరుతుంది, మీరు తర్వాత సొంత ఖర్చుతో చేరుకోవాలి.

12. చేరితే, డోల్మాబాచే ప్యాలెస్ వైపు చూడకండి. చివరి ఖలీఫాను 1924 మార్చిలో రాత్రికి రాత్రి అక్కడి నుంచే సాగనంపారు. ఆయన కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నీస్ నగరంలో నిజాం పెద్ద కొడుకును పెళ్లాడి, ఓడెక్కి బొంబాయి మీదుగా హైదరాబాద్ కోడలిగా వచ్చింది. నిజాంసాగర్ పూర్తయిన ఏడాదే అది. ఇలాంటివి తెలిస్తే ఇస్తాంబుల్ పరాయి ఊరు అనిపించడం మానేస్తుంది, బేరం దెబ్బతింటుంది.

సుగంధ ద్రవ్యాల బజారుకు పోండి. రాశులు పోసిన పసుపు కనిపిస్తుంది. వంద గ్రాముల లెక్కన కొనండి. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయమున్న ఊరి నుంచి పోయి, ఇస్తాంబుల్‌లో పసుపు కొని, ఇంటికి తెచ్చి వదినకు "టర్కీది" అని ఇవ్వడంలో ఉన్న దర్జా వేరు. దాని పక్కనే కుంకుమ పువ్వు పేరుతో కుసుమ రేకులు అమ్ముతారు. అవి అరకిలో తీసుకోండి.

13. చివరి రోజు సిబ్బందికివ్వాల్సిన టిప్పును బిల్లులోంచి కొట్టేయించండి. రోజుకు రెండుసార్లు మీ గది సర్దిన కుర్రాడు ఏ దేశం వాడో, ఇంటికి ఎంత పంపుతాడో అడగకండి. ఇంట్లోంచి ఒకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆ జవాబు వింటే చెయ్యి ఆడదు.

14. ఊళ్లో దిగాక ఎవరు అడిగినా "మస్తుంది" అనండి, అంతకు మించి ఒక్క మాట చెప్పకండి. తర్వాత అలాస్కా ఓడకు బుక్ చేయండి. దానికి అమెరికా వీసా కావాలట. ముందు డబ్బు తిరిగిరాని టికెట్టు కొనేయండి, వీసా సంగతి ఏజెంట్ అన్న చూసుకుంటాడు.