బుల్లెట్టు బండి గొంతు విప్పే శాస్త్రం

పొట్టి గొట్టపు రైఫిలును, అనగా అమెరికా చట్టం ప్రకారం 16 అంగుళాల కంటె తక్కువ పొడవు గొట్టం గల తుపాకీని, ఎల్లవేళలా సప్రెసర్‌తోనే వాడుకొనేట్లు సిద్ధం చేయడం అక్కడి ఔత్సాహికుల దృష్టిలో ఒక మహావిద్య. సప్రెసర్ అంటే గొట్టం చివర బిగించే డొల్ల సాధనం; దాని లోపలి అరలలో పేలుడు వాయువు విస్తరించి, చల్లబడి, ఒత్తిడి తగ్గాక బయటికి వస్తుంది గనుక 160 డెసిబెళ్ల మోత 130 దరిదాపులకు దిగుతుంది. గొట్టం పొట్టిదైన కొద్దీ వాయువు ఉరవడి పెరిగి, అందులో కొంత వెనక్కి తన్ని కాల్చేవాడి కళ్లలోనే పడుతుంది కాబట్టి, దానిని అదుపు చేయడానికి మళ్లీ వేరే ఖర్చు. ఇంతా చేసి వారు సాధించేది చెవులు దక్కించుకోవడం.

తెనాలి, బాపట్ల, రేపల్లె యువతకు ఈ విద్యతో పని లేదు. మన దేశపు 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ గొట్టాన్ని కుదించడానికి లైసెన్సు కావాలంటుంది. మోతను తగ్గించే ఉపకరణాన్ని సైతం తుపాకీగానే లెక్కగడుతుంది. ఈ చట్టాన్ని ఇక్కడి యువత తు.చ. తప్పక పాటిస్తున్నదని ఒప్పుకోవాలి. ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలనే 1989 మోటారు వాహనాల నిబంధనల్లోని 120వ నిబంధన దగ్గరే దాని పరిశోధనాసక్తి పురివిప్పుతుంది.

ఈ రెండు ఉపకరణాల చరిత్రలోనూ ఒకే కుటుంబం కనిపిస్తుంది. 1884లో మర తుపాకీని కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఆ మోతకే చెవిటివాడయ్యాడు. కుమారుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు, అనగా సప్రెసర్‌కు, పేటెంటు పొంది, అదే సూత్రంతో ఇంజన్లకూ సైలెన్సర్లు తయారుచేశాడు. తండ్రి పుట్టించిన మోతకు కొడుకు మూత పెట్టగా, ఆ మూతను ఊడబీకే కర్తవ్యాన్ని తెనాలి బోసు రోడ్డు కుర్రకారు భుజాన వేసుకున్నది.

ఆ క్రతువు షెడ్డులో జరుగుతుంది. బుల్లెట్టు బండికి కంపెనీ బిగించిన సైలెన్సర్‌ను విప్పి గోడకు ఆనించి, దాని స్థానంలో అడ్డుపలకలు లేని ఉత్త గొట్టాన్ని ఎక్కిస్తారు. ఇందోరీ, పంజాబీ అంటూ ఘరానాల పేర్లు కూడా ఉండడం వల్ల ఇది సంగీతమేనన్న భ్రమ కలుగుతుంది. తరువాతి మెట్టు ‘ఫైరింగ్’: నడుస్తున్న బండికి తాళం ఆపి, యాక్సిలరేటర్ తిప్పి, మళ్లీ తాళం ఆన్ చేస్తే, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి కాగిన గొట్టంలో చేరి ఢామ్మని పేలుతుంది. ‘తుపాకీలా తయారైనది’ అన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత నినాదాన్ని ఇంత భక్తితో నమ్మినవారు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు.

బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో వైమానిక దళానికి క్షిపణి ప్రయోగ కేంద్రం ఉన్నది. 2023 డిసెంబరులో అక్కడ ఒకే ఆకాశ్ యూనిట్ నాలుగు లక్ష్యాలను ఏకకాలంలో కూల్చింది. అంతటి దళమూ ప్రయోగానికి ముందు జాలర్లను హెచ్చరిస్తుంది. ఆదివారం సాయంత్రం అదే తీరానికి బండ్లపై దండెత్తే వీరులకు ఇటువంటి మర్యాదలు పట్టవు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మేరకు ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేరను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు; అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లకు మించరాదు. రేపల్లెలో అర్ధరాత్రి నిద్ర లేచి ఏడ్చే పసిపిల్లకు ఈ అంకెలు తెలియకపోవడం ప్రభుత్వ లోపం కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ తరువాత శబ్ద ప్రమాణాల ఉల్లంఘనకు పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. పోలీసులు అప్పుడప్పుడు పట్టుకున్న గొట్టాలను వరుసగా పేర్చి, ఫోటోగ్రాఫర్లు వచ్చాక రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. రోలరు వెళ్లిపోగానే షెడ్డు తెరుచుకుంటుంది.

కంపెనీ సైలెన్సర్ వెల బండి వెలలోనే కలిసి ఉంటుంది. దానిని విప్పకుండా ఉంచుకోవడానికి అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు.