రైలుపెట్టెలోని పరిచయవాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

నిలుచుటకే చోటు చాలని మూఁడవ తరగతి రైలుపెట్టెలోఁ బల్లచివర జానెఁడు స్థలము సంపాదించిన యొకానొక గృహస్థు, మద్రాసు వఱకు మౌనవ్రతము పట్టఁజాలక, ఎదుటి ప్రయాణికుని మనస్సును తొలిపలుకుననే చూఱగొనఁ దలఁచి యిట్లనుచున్నాఁడు.

మూలము

“నమస్కారమండీ. మాది తెనాలి. నన్ను సుబ్బారావంటారు. మీదే వూరండీ?”

ప్రతిపదార్థము

నమస్కారమండీ = చేతులు జోడించితిని, చేతఁ గూజా యున్నచోఁ దలయైనను వంచితిని; మాది = నాయొక్కనిది గాక, పొలము పంచుకొన్నను ఊరు పంచుకొనని యన్నదమ్ములందఱిదియు నైనది; తెనాలి = తన్నామక పట్టణము; నన్ను = అహంకారము విడిచి ద్వితీయావిభక్తిలో నొదిగిన నన్ను; సుబ్బారావు = వీథిలోఁ బిలిచినచో నలువురు తిరిగిచూచు నామము; అంటారు = పెట్టినవారు పెద్దలు, పిలుచువారు లోకులు, పలుకుట మాత్రమే నా పని; మీదే వూరండీ = నామాట ముగిసినది, ఇఁక మీవంతు.

తాత్పర్యము

అయ్యా! మీయెదుటఁ గూర్చున్నవాఁడు దొంగయుఁ గాఁడు, అప్పడుగువాఁడును గాఁడు. ఊరును పేరును గల మనుష్యుఁడు. తన్ను గూర్చి చెప్పవలసినంతయుఁ జెప్పివేసినాఁడు గావున, మిమ్ము గూర్చి వినుటకు మద్రాసు వఱకుఁ దీఱికగా నున్నాఁడని భావము.

అలంకారము

స్వభావోక్తి.

విశేషములు

1. తెనాలిలో నెక్కినవాఁడు తెనాలి యనుట పునరుక్తి గాదా యందురేని, కాదు. అది కూడలి స్టేషను. గుంటూరువారును రేపల్లెవారును అచ్చటనే బండి మాఱుదురు. ఎక్కినయూరు టిక్కెట్టు చెప్పును. సొంతవూరు మనుష్యుఁడే చెప్పవలెను.

2. ఉద్యోగమును, జీతమును, తహసీల్దారుతోడి చుట్టఱికమును చెప్పకుండుట న్యూనత యని కొందఱి యాక్షేపము. అవి యడిగిన పిదపఁ జెప్పిన గౌరవము, అడుగకమున్ను చెప్పిన బడాయి. కిష్కింధాకాండలో భిక్షురూపుఁడై వచ్చిన హనుమంతుఁడు రామలక్ష్మణుల తేజమును గొనియాడి, మీరెవ్వరని యడిగి, సుగ్రీవుని మాట చెప్పిన పిమ్మటనే తన పేరు చెప్పెను. ఆ పలుకు విస్తరము గాక, సందిగ్ధము గాక, తొట్రుపాటు లేక యున్నదనియు, పలుకునపుడు కనుబొమలందైనను వికారము గానరాలేదనియు శ్రీరాముఁడే లక్ష్మణునితోఁ బ్రశంసించెను.

3. పెద్దన మనుచరిత్రమున, హిమాలయముపైఁ ద్రోవ తప్పిన ప్రవరుఁడు వరూధినిని నీవెవ్వతెవని యడిగి, తన కులమును, పేరును, చిక్కును చెప్పి, ఊరు చేరు దారి వేఁడినది యొక్క పద్యముననే. వాక్యము నిర్దుష్టము. అయినను ఆమె దారి చూపుటకు మాఱుగా వలచినది. తుద కాతఁడు అగ్నిదేవుని యనుగ్రహమున నిల్లు చేరవలసివచ్చెను. ఇందలి దోషము వాక్యమునది గాదు, వక్త సౌందర్యమునది. మన గృహస్థునకట్టి బాధ లేదు గనుక, ఈ వాక్యమును నిర్భయముగాఁ బ్రయోగింపవచ్చును.