చట్రం బిగించు విధానం

కావలసినవి: పొట్టపెట్టుకున్న కాన్వాసులు ఏడు, మెలితిరిగిన చట్రాలు నాలుగు, సుత్తి, టేపు, పిన్నులు కొట్టే గన్ను, ఆదివారం ఒకటి, ఢిల్లీ పక్కన వైశాలిలో బాల్కనీ ఉన్న ఫ్లాటు. ఊరి పేరు చూసి వైశాల్యం ఆశించకండి. మా బాల్కనీలో వాషింగ్ మెషీనూ తులసికుండీ పోగా మిగిలిందే నా స్టూడియో.

తయారుచేయు విధానం:

1. ముందుగా నేరం చెక్క మీదికి నెట్టాలి. "ఏమండీ, ఆ వినాయకుడికి కళ్ళెప్పుడు పెడతారు?" అని ఇంట్లో అడుగుతారు. "చట్రం కుదురుగా లేదు" అనండి. పూర్తిగా అబద్ధమేమీ కాదు. మే నెల వడగాడ్పులకి ఎండిన చెక్క వానాకాలం తేమకి ఉబ్బుతుంది. సరిగా ఆరని చెక్కయితే నాలుగేళ్లలో మెలితిరుగుతుంది. పైగా కళ్ళు ఆఖర్న తెరిపించడం శాస్త్రం. శాస్త్రాన్ని కాదనడానికి మనమెవరం?

2. రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. తేడా వస్తే మూలలు తప్పినట్టు, మీకు ఆదివారం గడిచినట్టు. సమానంగా వస్తే నిరాశపడకండి. మళ్లీ కొలవండి.

3. మూలల్లో చెక్క చీలలున్న చట్రమైతే, వాటిని మెల్లగా తట్టితే మూలలు విచ్చుకుని గుడ్డ బిగుస్తుంది. పది నిమిషాల పని. అదృష్టం కొద్దీ మనం కొనే చౌక చట్రాలకి మూలలు మేకులతో బిగించేసి ఉంటాయి. కాబట్టి పిన్నులన్నీ పీకి, గుడ్డ విప్పి, మొదటికి రావచ్చు.

4. కొత్త చెక్కకి కీర్తినగర్ వెళ్లండి. వైశాలిలో మెట్రో ఖాళీగా బయల్దేరుతుంది కాబట్టి సీటు ఖాయం, బండి మారే పనీ లేదు. దారిలో మండీహౌస్ దగ్గర దిగి, త్రివేణిలోనూ లలిత కళా అకాడమీలోనూ ఎవరెవరో పూర్తిచేసిన బొమ్మలు చూసి, టీ తాగి, "ఇందులో ఏముంది!" అనుకోండి. కీర్తినగర్ వచ్చేవారం కూడా అక్కడే ఉంటుంది.

5. కొనేటప్పుడు ముడులు లేని చెక్క చూడండి. గుడ్డ వైపు లోపలి అంచు వాలుగా చెక్కించండి. లేకపోతే కొన్నాళ్లకి బొమ్మ మీద చట్రం గీత తేలుతుంది. మీ బొమ్మల్లో ఎవరైనా పోల్చుకోగల గీత అదొక్కటే కావచ్చు, అయినా వద్దు.

6. గుడ్డ బిగించేటప్పుడు మూల నుంచి మొదలుపెట్టకండి. ఒక పక్క నడిమధ్య ఒక పిన్ను, ఎదురు పక్క నడిమధ్య ఇంకోటి, తర్వాత మిగతా రెండు పక్కలు, అక్కణ్ణుంచి మూలలకి. పాత నూనెరంగు పెళుసుగా ఉంటుంది, మరీ లాగితే బీటలిస్తుంది. వేలితో తట్టితే డప్పులా మోగాలి. మోగింది కదా అని కుంచె పట్టుకునేరు! చేతులు కడుక్కుని భోజనానికి లేవండి.

7. సగం బొమ్మలన్నీ గోడవైపు తిప్పి పెట్టండి. వెనక తేదీ రాయకండి, సాక్ష్యమవుతుంది. పేరు మాత్రం ముందే పెట్టెయ్యండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనకో సంప్రదాయం ఉంది.

8. ఎవరైనా నిలదీస్తే అమృతా షేర్‌గిల్ పేరు చెప్పండి. లాహోర్‌లో తన మేడ మీంచి కనిపించే గేదెల్ని వేస్తూ వేస్తూ ఆమె 1941లో పోయింది. సగంలో ఆగిన ఆ బొమ్మ మన ఢిల్లీలోనే, జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా మందిరానిది. అయితే ఎదుటివాడు ఆమె వయసు అడిగేలోపు మాట మార్చండి. 28. దామెర్ల రామారావు ఊసు అసలే ఎత్తకండి. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి 28 నిండలేదు, ఆయన పేరుతో రాజమండ్రిలో ఒక గ్యాలరీ ఉంది. నాకు 54. ఉన్నది బాల్కనీ.

9. కబాడీవాడు కేక వేసినప్పుడు తలుపు మీరే తియ్యండి. వాడికి చెక్కా గుడ్డా తూకమే.

ప్రస్తుతం నా చట్రాలు నాలుగూ నిక్కచ్చిగా ఉన్నాయి. వినాయక చవితి దాటిపోయింది. చట్రానికి ఆరు ఆదివారాలు పట్టింది. ఆ రెండు కళ్ళకీ పట్టేది అరగంట.