సందు చిన్నది, గొప్ప పెద్దది

వూఫర్‌కి పెట్టె అక్కర్లేదని తేల్చేసిన మహానుభావులు ఇప్పుడు ఇంకో మెట్టెక్కారు. కోన్ ఎదురుగా గాలి పోయే సందు ఎంత సన్నబడితే బేస్ అంత లోతుకు దిగుతుందట. ఈ లెక్కన సందు పూర్తిగా మూసేస్తే పాతాళలోకమే వినిపించాలి.

పెట్టె లేకుండా వూఫర్‌ని ఒట్టి పలకకి బిగించే ఈ ఓపెన్ బాఫిల్‌లో అసలు తంటా ఏమిటంటే, కోన్ ముందు తోసిన గాలికీ వెనక లాగిన గాలికీ చుక్కెదురు. రెండూ పలక చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి మింగేస్తాయి. 40 హెర్ట్జ్ అల పొడవు 8.6 మీటర్లు. మనవాళ్ల చట్రంలో ముందు నుంచి వెనక్కి దారి మహా అయితే అర మీటరు. అక్కడే దాదాపు 9 డెసిబెల్స్ గోవిందా. 20కి దిగితే 15. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అనుకోవడమే.

సందుకి గుణమే లేదనను. జర్మనీలో ఆక్సెల్ రిడ్‌టాలర్ రిపోల్ పేరుతో చేసిన పని తెలివైనదే. కోన్‌కీ సందుకీ మధ్య ఉండే ఇరుకు గదిలోని గాలి కోన్‌తో పాటే కదులుతుంది కాబట్టి దాని బరువు కోన్ మీద పడుతుంది, రెజొనెన్స్ 30 నుంచి 25 హెర్ట్జ్‌కి అలా జారొచ్చు. ఇంపీడెన్స్ గ్రాఫులో శిఖరం ఎడమకి జరుగుతుంది. భక్తులు ఆ గ్రాఫుని ఫోన్‌లో దాచుకుని, మనవడి ఫొటోలా అడిగినవాడికీ అడగనివాడికీ చూపిస్తారు. "దిగింది చూడండి!"

దిగింది రెజొనెన్స్ సార్, శబ్దం కాదు. వినిపించేది కోన్ ఎంత గాలిని కదిపిందో, ముందుకీ వెనక్కీ ఎంత దూరముందో దాన్నిబట్టే. ఒక్కో ఆక్టేవ్ కిందకి అదే స్థాయిలో మోగాలంటే సీల్డ్ పెట్టెకి 4 రెట్ల గాలి చాలు, ఈ పెట్టె లేని సోకుకి 8 రెట్లు కావాలి. అందులో ఒక్క చెంచాడు గాలి కూడా సందు తెచ్చి పెట్టదు.

పైగా బిల్లు వేరే ఉంది. 12 అంగుళాల కోన్ వైశాల్యం ఇంచుమించు 500 చదరపు సెంటీమీటర్లు. సందుని 125కి కుదిస్తే అక్కడ గాలి వేగం 4 రెట్లు. వాల్యూమ్ పెంచి సందు దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకోండి, రెపరెపలాడుతుంది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా వెనకాలే ఓ "ఫుస్" కూడా వస్తుంది. దాన్ని "గాలిలో జీవం" అంటారు, నమ్మినవాళ్ల చెవిలో పువ్వులు. ఆ ఇరుకు గది పై ఫ్రీక్వెన్సీల్లో ఎక్కడో, తరచు 200, 300 హెర్ట్జ్ మధ్య, సొంతంగా ఊళ పెడుతుంది. క్రాసోవర్‌తో వూఫర్‌ని దానికి కిందే గట్టిగా కోయకపోతే ఘంటసాల గారికి జలుబు చేయించి "వార్మ్‌త్" అని పేరు పెడతారు.

సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ తన ఓపెన్ బాఫిల్ స్పీకర్ ఎల్‌ఎక్స్521లో ఒక్కో వైపు రెండేసి 10 అంగుళాల వూఫర్లు పెట్టి, పోయిన బేస్‌ని ఎలక్ట్రానిక్స్‌తో ఎత్తాడు. గాలి కావాలంటే గాలి కదిపే సరంజామా కావాలని ఆయనకి తెలుసు.

మనవాడికి ఆ మాట చెప్పి, ఇంకో వూఫర్ కొను నాయనా అంటే, దండగ ఖర్చంటాడు. సందుని ఇంకో 10 మిల్లీమీటర్లు తగ్గించడానికి మాత్రం కొత్త 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు, వడ్రంగి కూలీ, ఒక ఆదివారం ఇట్టే సిద్ధం.